ఇంగ్లిష్‌లో వైపు చెప్పే మాటనూ చోటు చెప్పే పదబంధాన్నీ కలిపి వాడడం ఎలా?

ఒక పిల్లి మంచం కింద దూరి, కాసేపటికి బయటికి వచ్చింది. ఈ చిన్న సంగతిని ఇంగ్లిష్‌లో చెప్పమంటే, పదేళ్లు ఆ మాధ్యమంలోనే చదువుకున్నవారిలో కూడా కొందరు ‘ద క్యాట్ కేమ్ ఫ్రమ్ ద బెడ్’ అంటారు, మరికొందరు ‘ద క్యాట్ కేమ్ టు అవుట్‌సైడ్’ అంటారు. మొదటి వాక్యంలో మంచం కింద అన్న సంగతి పోయింది, రెండోది వ్యాకరణానికే నిలవదు. ఇంగ్లిష్ ఇంటి భాషగా పెరిగినవారు ఇక్కడ ‘ద క్యాట్ కేమ్ అవుట్ ఫ్రమ్ అండర్ ద బెడ్’ అంటారు. అవుట్, ఫ్రమ్, అండర్ అనే మూడు మాటలు వరసగా రావడం చూసి మనకు బెరుకు కలుగుతుంది, ఇందులో ఏదో ఒకటి ఎక్కువైందేమో అనిపిస్తుంది. తెలుగు వాక్యాన్ని ఒకసారి విడదీసి చూడండి: ‘మంచం, కింది, నుంచి, బయటికి’. దీన్ని చివరి నుంచి మొదటికి చదివితే ‘బయటికి, నుంచి, కింది, మంచం’ అవుతుంది. ఇంగ్లిష్ వాక్యం అచ్చంగా అదే. అంటే ఈ కూర్పు మన నోటికి కొత్తది కాదు, దాని వరస మాత్రమే కొత్తది. ఆ వరసను ఎలా పట్టుకోవాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో మెట్టు మెట్టుగా చెప్పడం ఈ వ్యాసం పని.

ముందుగా రెండు పేర్లు అనుకుందాం. అప్, డౌన్, ఇన్, అవుట్, ఆన్, ఆఫ్, ఓవర్, బ్యాక్, అవే వంటి మాటలు వెంట నామవాచకం లేకుండా ఒంటరిగా నిలిచినప్పుడు వాటిని ఇంగ్లిష్ వ్యాకరణాలు అడ్వర్బ్ పార్టికల్ అంటాయి. వీటిని మనం ‘వైపు మాట’ అందాం. ‘ఆన్ ద షెల్ఫ్’, ‘ఎట్ ద షాప్’, ‘ఫ్రమ్ ద ట్రీ’ వంటివి ప్రిపోజిషనల్ ఫ్రేజులు. వీటిని ‘చోటు పదబంధం’ అందాం. ఒకే మాట రెండు పనులూ చేయగలదు. ‘పుట్ యువర్ క్యాప్ ఆన్’ అన్నప్పుడు ‘ఆన్’ వైపు మాట, ‘పుట్ యువర్ క్యాప్ ఆన్ యువర్ హెడ్’ అన్నప్పుడు అదే ‘ఆన్’ చోటు పదబంధానికి తల. కర్మ ఉన్నా లేకపోయినా క్రియ క్రియే అయినట్టు, వెంట నామవాచకం ఉన్నా లేకపోయినా ఈ మాట ఒకటేనని డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ 1924 లోనే వాదించారు. నేర్చుకునేవారికి ఆయన మాట ఎంతో మేలు చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకే మాటకు రెండు పేర్లు బట్టీ పట్టే శ్రమ తప్పుతుంది.

మొదటి మెట్టు: రెండు ప్రశ్నలు వేసుకోండి

వాక్యం కట్టే ముందు ‘ఎటు?’ అని ఒక ప్రశ్న, ‘ఎక్కడ?’ అని మరో ప్రశ్న వేసుకోండి. మొదటిదానికి జవాబు వైపు మాట, రెండోదానికి జవాబు చోటు పదబంధం. అమ్మ పాత ఇత్తడి బిందె ఎక్కడుందని అడిగితే మనం ‘పైన అటక మీద’ అంటాం. ‘అటక మీద’ అన్నా అర్థమవుతుంది, అయినా ‘పైన’ అన్న మాట నోటికి దానంతట అదే వస్తుంది, ఎందుకంటే ఆ మాట వినేవారి చూపును ముందు పైకి తిప్పి, తరువాత అటక మీద నిలుపుతుంది. ఇంగ్లిష్‌లో ‘అప్ ఇన్ ద లాఫ్ట్’ చేసే పని సరిగ్గా ఇదే. ‘బయట అరుగు మీద’ అన్నదానికి ‘అవుట్ ఆన్ ద వరండా’, ‘కింద కొట్టు దగ్గర’ అన్నదానికి ‘డౌన్ ఎట్ ద షాప్’, ‘అదిగో అటు కిటికీ పక్కన’ అన్నదానికి ‘ఓవర్ బై ద విండో’ సరిపోతాయి.

వైపు మాటను తీసేస్తే వ్యాకరణం చెడదు. ‘హి ఈజ్ ఎట్ ద షాప్’ నిక్కమైన ఇంగ్లిషే. కానీ ‘హి ఈజ్ డౌన్ ఎట్ ద షాప్’ అన్నప్పుడు మాట్లాడేవారు ఎక్కడ నిలబడి చెబుతున్నారో కూడా తెలుస్తుంది: కొట్టు మేడ కిందనో, వీధి చివరనో, పల్లంలోనో ఉంది. పాఠ్యపుస్తకపు ఇంగ్లిష్‌కూ ఇంట్లో మాట్లాడుకునే ఇంగ్లిష్‌కూ మధ్య మనకు వినిపించే తేడాలో పెద్ద వాటా ఈ ఒక్క మాటదే.

ఒక మినహాయింపును ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ‘లోపల వంటింట్లో’ అన్నది తెలుగులో సహజమే అయినా, ‘ఇన్ ఇన్ ద కిచెన్’ అని ఇంగ్లిష్‌లో అనరు. ఒకే మాట పక్కపక్కన రెండుసార్లు వచ్చే చోట ఒకదాన్ని వదిలేసి ‘ఇన్ ద కిచెన్’ అంటే చాలు.

రెండో మెట్టు: వరసను తెలుగుతో పోల్చి పట్టుకోండి

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన మెట్టు ఇది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఇంగ్లిష్‌లో వైపు మాట ఎప్పుడూ ముందు, చోటు పదబంధం తరువాత. తెలుగులో మాత్రం ఈ వరస అర్థాన్ని బట్టి మారుతుంది, ఆ మార్పుకు ఒక పద్ధతి ఉంది.

ఒక వస్తువు ఉన్న చోటును గానీ, ఒకరు చేరే చోటును గానీ చెబుతున్నప్పుడు తెలుగు వరసా ఇంగ్లిష్ వరసా ఒకటే. ‘పైన అటక మీద’ అన్నది ఉన్న చోటు. ‘పైకి మేడ మీదికి వెళ్ళింది’ అన్నది చేరే చోటు. ఇంగ్లిష్‌లో ‘షి వెంట్ అప్ టు ద టెర్రస్’. ‘తిరిగి ఊరికి వెళ్ళాడు’ అన్నది ‘హి వెంట్ బ్యాక్ టు ద విలేజ్’. ఈ రెండు రకాల్లో తెలుగును ఉన్నది ఉన్నట్టు అదే వరసలో మార్చుకుంటూ పోవచ్చు.

బయలుదేరిన చోటును గానీ, దాటి వచ్చిన దారిని గానీ చెబుతున్నప్పుడు తెలుగు వరస అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. ‘చెట్టు మీంచి కిందికి దిగాడు’ అన్నప్పుడు మనం చోటును ముందు చెప్పి, వైపును తరువాత చెప్పాం. ఇంగ్లిష్‌లో ‘హి క్లైమ్‌డ్ డౌన్ ఫ్రమ్ ద ట్రీ’, అంటే వైపు ముందు, చోటు తరువాత. ‘కిటికీ గుండా లోపలికి వచ్చింది’ అన్నది ‘ఇట్ కేమ్ ఇన్ త్రూ ద విండో’ అవుతుంది. ‘తలుపు వెనక నుంచి బయటికి’ అన్నది ‘అవుట్ ఫ్రమ్ బిహైండ్ ద డోర్’ అవుతుంది. తెలుగువారు తడబడేది ఎక్కువగా ఈ రెండో రకంలోనే. నుంచి, గుండా అన్న మాటలు తెలుగు వాక్యంలో కనిపించిన వెంటనే ‘ఇక్కడ తిరగేయాలి’ అని మనసులో గుర్తు పెట్టుకుంటే సగం పని అయిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. తెలుగులో ‘మీంచి’, ‘కింది నుంచి’, ‘వెనక నుంచి’, ‘లోంచి’ అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఇంగ్లిష్‌లో ‘కింది నుంచి’కి ‘ఫ్రమ్ అండర్’, ‘వెనక నుంచి’కి ‘ఫ్రమ్ బిహైండ్’ ఉన్నాయి గానీ, చెట్టు మీంచి దిగిన మనిషి గురించి ‘ఫ్రమ్ ఆన్ ద ట్రీ’ అనరు, ‘ఫ్రమ్ ద ట్రీ’ అంటే చాలు. గదిలోంచి వచ్చినవారి గురించి ‘ఫ్రమ్ ఇన్ ద రూమ్’ అని కూడా సాధారణంగా అనరు, ‘అవుట్ ఆఫ్ ద రూమ్’ అంటారు.

మరొకటి, ‘పొయ్యికి దూరంగా జరుగు’ అని మనం అంటాం. ఇక్కడ ‘కి’ ఉంది కదా అని ‘టు’ వాడకూడదు. ఇంగ్లిష్ దృష్టిలో దూరం అంటే ఒక చోటు నుంచి కొలిచేది, కాబట్టి ‘మూవ్ అవే ఫ్రమ్ ద స్టవ్’ అనాలి.

మూడో మెట్టు: వైపు మాటకు ‘టు’ తగిలించకండి

బయటికి, లోపలికి, పైకి, కిందికి, వెనక్కి, ఇంటికి: ఈ తెలుగు మాటలన్నిటి చివరా ‘కి’ ఉంది. ఆ ‘కి’ని ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్ళడం వల్లే ‘గో టు అవుట్‌సైడ్’, ‘కమ్ టు ఇన్‌సైడ్’, ‘గో టు అప్‌స్టెయిర్స్’, ‘గో టు హోమ్’ అనే తప్పులు పుడుతున్నాయి. వైపు మాటలో ‘కి’ ముందే ఇమిడి ఉంటుంది. ‘గో అవుట్’ అంటే బయటికి వెళ్ళు, ‘కమ్ ఇన్’ అంటే లోపలికి రా, ‘గో హోమ్’ అంటే ఇంటికి వెళ్ళు. ‘టు’ రావాలంటే వైపు మాటకు ఆవలి పక్కన, చోటు పేరుకు ముందు రావాలి: ‘గో అవుట్ టు ద గేట్’, ‘గో హోమ్ టు యువర్ మదర్’. మీరు రాసిన పేజీలో ‘టు’ ఉన్న ప్రతి చోటా వేలు పెట్టి, దాని కుడి పక్కన వైపు మాట ఉందా, చోటు పేరు ఉందా అని చూడండి. వైపు మాట ఉంటే ఆ ‘టు’ను కొట్టేయండి.

దీనికి అవతలి తప్పు కూడా మనలో ఉంది. క్రియలోనే వైపు ఇమిడి ఉన్నప్పుడు వైపు మాటను మళ్ళీ చేరుస్తాం. ‘రిటర్న్ బ్యాక్ టు హైదరాబాద్’ అన్న వాక్యంలో ‘రిటర్న్’ అంటేనే తిరిగి రావడం, కాబట్టి ‘బ్యాక్’ అక్కర్లేదు. ‘రిటర్న్ టు హైదరాబాద్’ అనండి, లేదా ‘కమ్ బ్యాక్ టు హైదరాబాద్’ అనండి.

నాలుగో మెట్టు: అతుక్కుపోయిన జంటలను గుర్తించండి

‘ఇన్’ అనే వైపు మాట, ‘టు’ అనే ప్రిపోజిషన్ కలిసి ‘ఇంటు’ అయ్యాయి, ‘ఆన్’, ‘టు’ కలిసి ‘ఆంటు’ అయ్యాయి. ఎక్కడ కలిపి రాయాలి, ఎక్కడ విడదీయాలి అన్నది ఉత్తరాలు, ఈమెయిళ్ళు రాసేవారికి రోజూ ఎదురయ్యే ప్రశ్న. ‘గదిలోకి’, ‘బల్ల మీదికి’ అని తెలుగులో చెప్పగలిగితే కలిపి రాయండి. ‘షి వెంట్ ఇంటు ద రూమ్’ సరైనది. ‘షి కేమ్ ఇన్ టు సీ మీ’ అన్న చోట ‘టు’ అనేది ‘చూడడానికి’లోని ‘డానికి’, దానికీ ‘ఇన్’కూ పొత్తు లేదు, కాబట్టి విడిగా రాయాలి. ‘హ్యాండ్ ఇట్ ఇన్ టు ద టీచర్’ అన్న చోట కూడా విడిగానే రాయాలి. కాగితం టీచరు చేతికి చేరుతుంది గానీ టీచరు లోపలికి దూరదు. తరువాతి ప్రశ్నకు వెళ్దాం అనడానికి ‘మూవ్ ఆన్ టు ద నెక్స్ట్ క్వశ్చన్’ అని విడదీసి రాయడం మేలు. ‘ఆంటు’ను మామూలు చోట్ల కూడా విడదీసి రాసే అలవాటు బ్రిటన్‌లో చాలామందికి ఉంది, అది తప్పు కాదు.

‘ఇంటు’కు ఎదురు మాట ‘అవుట్ ఆఫ్’. రాతలో రెండు మాటలుగా కనిపించినా ఇది ఒకే ముక్కలా పనిచేస్తుంది. అమెరికన్లు కిటికీ, తలుపు వంటి వాటి విషయంలో ‘ఆఫ్’ను వదిలేసి ‘అవుట్ ద విండో’, ‘అవుట్ ద డోర్’ అనడం మామూలే, కానీ గది, పెట్టె, సంచి వంటి వాటికి ‘ఆఫ్’ ఉండి తీరాలి. ఊళ్ళో లేను అనడానికి మనవాళ్ళు తెలుగు వాక్యంలో కూడా వాడే ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ భారతదేశపు ఇంగ్లిష్‌లో స్థిరపడిన మాట. లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్నవారికి రాస్తున్నప్పుడు ‘అవుట్ ఆఫ్ టౌన్’ అని మార్చుకుంటే వారికి వెంటనే అర్థమవుతుంది. బండి దిగడం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మనం ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ అంటాం, ఎందుకంటే తెలుగులో బస్సు దిగుతాం. బయటి దేశాల్లో బస్సు, రైలు వంటి వాటికి ‘గెట్ ఆఫ్ ద బస్’ అనీ, కారు, ఆటో వంటి వాటికి ‘గెట్ అవుట్ ఆఫ్ ద కార్’ అనీ అంటారు.

ఐదో మెట్టు: గొలుసును సరైన వరసలో పేర్చండి

వైపు మాటలు ఒకటికి మించి కూడా వస్తాయి, వచ్చినప్పుడు వాటికి స్థిరమైన వరస ఉంటుంది. అన్నిటికంటే ముందు ‘రైట్’, ‘స్ట్రెయిట్’ వంటి బిగింపు మాటలు, వాటి తరువాత ‘బ్యాక్’ గానీ ‘ఆన్’ గానీ, తరువాత అప్, డౌన్, ఇన్, అవుట్, ఓవర్‌లలో ఒకటి, చివరన చోటు పదబంధం. ‘షి వెంట్ రైట్ బ్యాక్ అప్ టు ద టాప్’ అంటే నేరుగా మళ్ళీ పైకి శిఖరం దాకా వెళ్ళిందని అర్థం. ‘బ్యాక్ అప్’ను తిరగేసి ‘అప్ బ్యాక్ టు ద టాప్’ అంటే చెవికి తప్పుగా తగులుతుంది. ‘వి డ్రోవ్ ఆన్ డౌన్ టు ద కోస్ట్’ అన్న వాక్యంలో ‘ఆన్’ అంటే ఆగకుండా ఇంకా ముందుకు అని అర్థం. అదే ‘ఆన్’ పిలుపులో వస్తే ఆదరణను తెస్తుంది: గుమ్మంలో నిలబడిన చుట్టాన్ని ‘కమ్ ఆన్ ఇన్’ అని పిలిస్తే ‘రండి రండి, లోపలికి రండి’ అన్నంత చనువు అందులో ఉంటుంది.

వాక్యంలో కర్మ కూడా ఉంటే అది ఎక్కడ నిలవాలి? ‘గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టు’ అన్న మన వాక్యంలో గిన్నె ముందు, వైపు తరువాత, చోటు ఆ తరువాత. ఇంగ్లిష్‌లో క్రియ మొదటికి వెళ్తుంది తప్ప మిగతా వరస అదే: ‘పుట్ ద పాట్ బ్యాక్ ఆన్ ద స్టవ్’. వెనక చోటు పదబంధం ఉన్నప్పుడు కర్మను వైపు మాటకు ముందే ఉంచితే వాక్యం సాఫీగా సాగుతుంది. కర్మ సర్వనామమైతే మరో దారి లేదు. ‘పుట్ ఇట్ బ్యాక్ ఆన్ ద స్టవ్’, ‘హ్యాండ్ దెమ్ ఓవర్ టు హిమ్’ అనే అనాలి.

ఆరో మెట్టు: ఎక్కడ నిలబడి చెబుతున్నారో తేల్చుకోండి

ఏ వైపు మాట వాడాలన్నది చాలామందిని వేధించే సందేహం. దీనికి నిఘంటువు కన్నా నేల స్వరూపం మంచి జవాబు ఇస్తుంది. తిరుపతిలో ఉండేవారి మాట వినండి. వారికి తిరుమల ‘పైన’, తిరుపతి ‘కింద’. ‘పైన కొండ మీద గది దొరకలేదు, అందుకని కింద తిరుపతిలో ఉన్నాం’ అన్న వాక్యం ‘వి కుడంట్ గెట్ ఎ రూమ్ అప్ ఆన్ ద హిల్, సో వి స్టేడ్ డౌన్ ఇన్ తిరుపతి’ అవుతుంది. కృష్ణా నది వెంట ఉన్నవారికి ఎగువ, దిగువ అన్న మాటలు ఉండనే ఉన్నాయి: ఎగువన శ్రీశైలంలో గేట్లు ఎత్తితే ‘అప్ ఎట్ శ్రీశైలం’, ఆ నీరు దిగువన విజయవాడకు చేరితే ‘డౌన్ ఎట్ విజయవాడ’. ఇంగ్లిష్‌వారు కూడా కొండను, నదిని, సముద్రపు ఒడ్డును ఇలాగే చూస్తారు. దానికి తోడు పటాన్ని చూసి ఉత్తరాన్ని ‘అప్’ అనీ దక్షిణాన్ని ‘డౌన్’ అనీ అంటారు, కాబట్టి లండన్ మనిషి ‘అప్ టు స్కాట్లండ్’, ‘డౌన్ టు బ్రైటన్’ అంటాడు. వీటితో పాటు మర్యాద కొలత ఒకటి ఉంది: పెద్ద చోటు వైపు వెళ్ళడం ‘అప్’. బ్రిటిష్ రైల్వేల్లో సాధారణంగా లండన్ వైపు వెళ్ళే లైను ‘అప్’ లైను, లండన్ నుంచి దూరంగా పోయేది ‘డౌన్’ లైను. అది ఏ దిక్కున ఉన్నా సరే. భారత రైల్వేలకు కూడా ఈ అప్, డౌన్ లైన్ల పేర్లు అక్కడి నుంచే వచ్చాయి, ‘రోజూ అప్ అండ్ డౌన్ చేస్తున్నాడు’ అని మనం తెలుగులో కూడా అంటాం.

‘అవుట్’ అంటే నడుమ నుంచి బయటి అంచుకు: ‘అవుట్ ఇన్ ద ఫీల్డ్స్’ అంటే ఊరి బయట పొలాల్లో. ‘ఓవర్’ అంటే మధ్యలో ఏదో ఒకటి దాటి ఆవల: వీధి, గది, సముద్రం ఏదైనా కావచ్చు. అమెరికా నుంచి పెళ్ళికి వచ్చిన బంధువు గురించి ‘హి ఈజ్ ఓవర్ ఫ్రమ్ అమెరికా ఫర్ ద వెడ్డింగ్’ అంటారు. ఈ వాక్యంలో వచ్చాడు అనే క్రియ లేదని గమనించండి. ‘ఓవర్’ ఒక్కటే రావడాన్నీ సముద్రం దాటడాన్నీ మోస్తోంది. ‘హి ఈజ్ బ్యాక్ ఫ్రమ్ దుబాయ్’, ‘ఐయామ్ ఆఫ్ టు గుంటూరు’ కూడా ఇలాంటివే. ఇంగ్లిష్‌లో ఎంతో పొదుపుగా పనిచేసే ఈ వాక్యాలను మనవారు తక్కువగా వాడుతున్నారు, తప్పక అలవాటు చేసుకోవలసినవి ఇవి.

‘బ్యాక్’కు ఒక షరతు ఉంది: మనిషి ఆ చోట ఇంతకు ముందు ఉండి ఉండాలి. అందుకే విదేశాల్లో ఉన్న తెలుగువారి నోట ‘బ్యాక్ హోమ్ ఇన్ గుంటూరు’, ‘బ్యాక్ ఇన్ ఇండియా’ అన్నవి అంత తరచుగా వినిపిస్తాయి. భారతదేశానికి ఎన్నడూ రాని మనిషి తన గురించి ఆ మాట అనలేడు. కాలం విషయంలో ఇదే మాట గతాన్ని దూరంగా నిలబెట్టి చూపుతుంది. ‘బ్యాక్ ఇన్ 2001, ఓవర్ ఇన్ కోల్‌కతా, లక్ష్మణ్ మేడ్ 281’ అన్న వాక్యాన్ని హైదరాబాదులో కూర్చున్న అభిమాని అంటే, కాలమూ చోటూ రెండూ అతను కూర్చున్న చోటు నుంచే కొలిచినట్టు ఉంటుంది. నిరుటి సంగతికి ‘బ్యాక్ ఇన్’ వాడవచ్చు, వచ్చే ఏటి సంగతికి వాడకూడదు.

ఏడో మెట్టు: క్రియతో ముడిపడిన జంటలను వేరుగా ఉంచండి

ఇంతవరకు చెప్పుకున్న జంటలు ‘ఎక్కడ’, ‘ఎక్కడికి’, ‘ఎక్కడి నుంచి’ అన్న ప్రశ్నలకు విడిగా జవాబు ఇవ్వగలవు. ‘వేర్ ఈజ్ ఇట్?’ అని అడిగితే ‘అప్ ఇన్ ద లాఫ్ట్’ అని ఊరుకోవచ్చు. ‘లుక్ అప్ టు’, ‘పుట్ అప్ విత్’, ‘లుక్ ఫార్వర్డ్ టు’, ‘రన్ అవుట్ ఆఫ్’ వంటి వాటిలో జంట క్రియతో కలిసి కొత్త అర్థాన్ని పుట్టించింది: గౌరవించడం, భరించడం, ఎదురుచూడడం, అయిపోవడం. ‘పుట్ అప్ విత్ ద నాయిస్’లో ‘అప్ విత్ ద నాయిస్’ ఏ ప్రశ్నకూ జవాబు కాదు. ఈ చిన్న పరీక్షతో మీరు చదివే ఏ వాక్యాన్నైనా తేల్చుకోవచ్చు. పరీక్షలో నిలవని వాటిని మొత్తంగా ఒకే క్రియగా నేర్చుకోవాలి.

వీటిలో తెలుగువారు తరచుగా చేసే పొరపాట్లు రెండు. మొదటిది ‘లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’. ‘మిమ్మల్ని కలవడానికి’ అన్న తెలుగు రూపం మనసులో ఉండటం వల్ల ‘టు మీట్’ వస్తుంది. ఇక్కడి ‘టు’ ప్రిపోజిషన్, దాని వెనక నామవాచకం గానీ ‘ఇంగ్’ రూపం గానీ రావాలి. సందేహం వస్తే ‘ఇట్’ పెట్టి చూడండి: ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ నిలుస్తుంది, కాబట్టి ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’ సరైనది. రెండోది ‘కోప్ అప్ విత్’. క్యాచ్ అప్ విత్, కీప్ అప్ విత్, పుట్ అప్ విత్ అనే మూడింటి మధ్య పెరిగిన చెవికి ‘కోప్’కు కూడా ‘అప్’ ఉండాలనిపిస్తుంది. ఆ మాటకు ‘అప్’ లేదు. ‘కోప్ విత్ ద ప్రెషర్’ అంతే.

క్రియ అసలే లేకుండా జంట ఒక్కటే ఆజ్ఞగా మారే వాక్యాలు కూడా ఉన్నాయి. బడికి తయారైన పిల్లలను ‘ఆఫ్ టు స్కూల్ విత్ యు’ అని పంపుతారు. నినాదాల్లో ‘డౌన్ విత్’ వెనక తమకు గిట్టనిదాని పేరు పెడతారు. మన ఊరేగింపుల్లో పేరు ముందు వచ్చి ‘డౌన్ డౌన్’ చివరికి వెళ్ళింది, ‘విత్’ రాలిపోయింది. తెలుగు వాక్యపు వరస ఆ ఇంగ్లిష్ మాటను తన దారికి తెచ్చుకుంది.

ఎనిమిదో మెట్టు: ఊనిక ఎక్కడ పడాలో నోటితో సాధన చేయండి

వైపు మాటను ఒత్తి పలకాలి, దాని వెనకాల వచ్చే చిన్న ప్రిపోజిషన్‌ను తేల్చేయాలి. ‘అవుట్ ఆఫ్ ద బాక్స్’లో ‘అవుట్’ గట్టిగా, ‘ఆఫ్’ దాదాపు వినిపించనంత లోగొంతుకలో వస్తుంది. మనం అన్ని మాటలనూ సమానమైన బరువుతో పలుకుతాం కాబట్టి, సరైన వాక్యం కూడా వినేవారికి చిక్కుగా తోస్తుంది. అర్థం కూడా ఊనికను బట్టే తేలే చోట్లు ఉన్నాయి. ‘షి రాన్ అప్ ఎ హిల్’ అంటే కొండ ఎక్కి పరుగెత్తింది, అక్కడ ‘అప్’ తేలిక. ‘షి రాన్ అప్ ఎ బిల్’ అంటే బాకీ పెంచింది, అక్కడ ‘అప్’ బరువు. రెండోదాన్ని ‘రాన్ ఇట్ అప్’ అనవచ్చు, మొదటిదాన్ని అనలేం.

సాధన ఎక్కడ చేయాలి

ఇంట్లో ఇంగ్లిష్ వినిపించని వారికి నేను చెప్పే మొదటి చోటు క్రికెట్ వ్యాఖ్యానం. మైదానం అంతా దిక్కులూ చోట్లే కాబట్టి, వ్యాఖ్యాతలు నిమిషానికి ఒకసారైనా ఈ జంటను వాడవలసి వస్తుంది, పైగా వారు ఏమంటున్నారో తెర మీద కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. బంతి బౌలర్ తల మీదుగా నేరుగా వెళ్తే ‘స్ట్రెయిట్ బ్యాక్ ఓవర్ ద బౌలర్స్ హెడ్’. ఫీల్డర్ బౌండరీ దగ్గర ఉంటే ‘అవుట్ ఎట్ డీప్ మిడ్‌వికెట్’ గానీ ‘బ్యాక్ ఆన్ ద ఫెన్స్’ (ఇక్కడ ‘బ్యాక్’ అంటే వెనక్కి జరిగి) గానీ, దగ్గరికి వచ్చి నిలబడితే ‘అప్ ఇన్ ద సర్కిల్’. అక్కడి నుంచి విసిరిన బంతి ‘ఇన్ ఫ్రమ్ ద డీప్’ వస్తుంది. స్పిన్ బౌలింగ్‌కు వికెట్ కీపర్ ‘అప్ టు ద స్టంప్స్’ నిలబడతాడు. ఔటైన ఆటగాడు ‘బ్యాక్ టు ద పెవిలియన్’ నడుస్తాడు.

ఒక ఇన్నింగ్స్‌లో పది ఓవర్లు ఎంచుకుని, వినిపించిన ప్రతి జంటనూ ఒక నోటుపుస్తకంలో ఎడమ పక్కన రాయండి. కుడి పక్కన దాన్ని తెలుగులో రాయండి. తెలుగు వరస తిరగబడిన చోట బాణం గుర్తు పెట్టండి; ‘ఇన్ ఫ్రమ్ ద డీప్’కు ఎదురుగా ‘బౌండరీ దగ్గర నుంచి లోపలికి’ అని రాసినప్పుడు ఆ బాణం తప్పకుండా వస్తుంది. మర్నాడు కుడి పక్కనున్న తెలుగును మాత్రమే చూస్తూ, ఎడమ పక్కను చేత్తో మూసి, ఇంగ్లిష్‌ను పైకి చదవండి. ఆ తరువాతి వారం క్రికెట్‌ను వదిలి మీ ఇంట్లోకి రండి: చీపురు ఎక్కడుంది, తాళాలు ఎక్కడున్నాయి, అబ్బాయి ఎక్కడి నుంచి వచ్చాడు, అమ్మమ్మ ఎక్కడ కూర్చుంది. ప్రతి జవాబులోనూ వైపు ఒకటి, చోటు ఒకటి ఉండేలా చూసుకోండి. చీపురు ‘అవుట్ బిహైండ్ ద డోర్’, తాళాలు ‘ఓవర్ ఆన్ ద టీవీ స్టాండ్’, అబ్బాయి ‘బ్యాక్ ఫ్రమ్ ట్యూషన్’, అమ్మమ్మ ‘అవుట్ ఆన్ ద వరండా’.